పావుగంట లెక్క

మా ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఒక రూలు ఉండేది. ఎక్కడా రాసి గోడకి అంటించింది కాదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన రిటైరవుతూ బీరువా తాళాలతో పాటు నాకు అప్పజెప్పి వెళ్లాడు. ఆలస్యమైతే పావుగంటకి పైకి, ఓటీ, అంటే ఓవర్‌టైం అయితే పావుగంటకి కిందికి. అంతే రూలు.

ఆరింటి షిఫ్టుకి 6:03కి వచ్చినవాడికి పావుగంట కోత. మధ్యాహ్నం రెండింటికి దిగాల్సినవాడు, రిలీవర్ రాక 2:14 దాకా మిషను దగ్గరే నిలబడితే ఓటీ సున్నా. 2:15 దాటితేనే పావుగంట. 2:29 అయినా అదే పావుగంట. మా పంచింగ్ మిషన్లో రిబ్బను రెండు రంగులది. టైముకి వస్తే నీలం, దాటితే ఎరుపు. ఎక్కువసేపు పనిచేసినవాడికి మాత్రం వేరే రంగేమీ లేదు. అది కూడా నీలమే.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ లెక్క వేశాను. నెలకి నాలుగు వందల చిల్లర కార్డులు. తప్పు చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు. లెక్క సులువు కోసం పెట్టుకున్న పద్ధతి అనుకున్నాను. షీటులో 0.25, 0.50, 0.75 పడితే కూడిక తొందరగా తెములుతుంది. 0.23 పడితే తల నొప్పి.

టర్నింగ్ సెక్షన్లో ఒక పెద్దాయన ఉండేవాడు. చొక్కా జేబులో అరచేతి మందాన డైరీ, దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క. ఏ రోజు ఎన్ని నిమిషాలు ఎక్కువ నిలబడ్డాడో అందులో రాసుకునేవాడు. జీతాల రోజు నా కిటికీ దగ్గరికి వచ్చి, సంతకం పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, వెళ్తూ వెళ్తూ అనేవాడు: "సారూ, ఈ నెల నాలుగు గంటల పది నిమిషాలు మీ దగ్గరే ఉండిపోయాయి. జాగ్రత్తగా దాచండి, అవసరం పడినప్పుడు వచ్చి తీసుకుంటా."

నవ్వేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు. క్యూలో వెనకవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

రిటైరయ్యాక చేతినిండా ఖాళీ. పని గంటల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. పాత వృత్తి మీద మమకారం అనుకోండి, వేరే ఏదీ రాకపోవడం అనుకోండి. అందులో లియొనార్డ్ హార్నర్ అనే ఆయన తగిలాడు. బ్రిటన్లో 1833 ఫ్యాక్టరీ చట్టం వచ్చాక దేశం మొత్తానికి నలుగురంటే నలుగురు ఇన్‌స్పెక్టర్లని వేశారు. చట్టం అమల్లోకి వచ్చిన కొన్నాళ్లకే ఆ పనిలో చేరి, 1859 దాకా మిల్లుల చుట్టూ తిరిగినవాడు ఈయన. అసలు భూగర్భ శాస్త్రం మనిషి. రాళ్ల పొరలు చూసిన కన్నుతోనే మిల్లు యజమానుల గడియారాలు చూశాడనిపిస్తుంది. ఆయన ప్రభుత్వానికి ఇచ్చిన ఒక లెక్క చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

లెక్క ఇదీ. అప్పటి చట్టం ప్రకారం మిల్లు పొద్దున ఆరుకి మొదలై సాయంత్రం ఆరుకి ఆగాలి. శనివారం మధ్యాహ్నం రెండుకే ఆగాలి. మోసం చేసే యజమాని ఏం చేస్తాడంటే, ఆరుకి పావుగంట ముందే ఇంజను తిప్పుతాడు: 15 నిమిషాలు. సాయంత్రం పావుగంట ఆలస్యంగా ఆపుతాడు: ఇంకో 15. పొద్దుటి తిండికి ఇచ్చిన అరగంటలో మొదట 5, చివర 5 కొరుకుతాడు: 10. మధ్యాహ్నం భోజనం గంటలో అటు 10, ఇటు 10: మొత్తం 20. రోజుకి సరిగ్గా 60 నిమిషాలు. అయిదు రోజులకి 300. శనివారం పొద్దున 15, తిండి దగ్గర 10, రెండింటి తర్వాత 15, కలిపి 40. వారానికి 340 నిమిషాలు, అంటే 5 గంటల 40 నిమిషాలు. ఏడాదికి 50 వారాలు వేసుకుని, ఇది 27 పని రోజులతో సమానం అని తేల్చాడు.

నమ్మకం లేక కాదు, అలవాటు కొద్దీ నేను మళ్లీ వేసి చూశాను. 340ని 50తో హెచ్చిస్తే 17,000 నిమిషాలు. 283 గంటల 20 నిమిషాలు. అప్పటి పని దినం పదిన్నర గంటలు. భాగిస్తే 26.98. ఆయన రౌండ్ చేసింది 0.02 మాత్రమే.

తర్వాత మా పెద్దాయన లెక్క వేశాను. నెలకి నాలుగు గంటల పది నిమిషాలు, పన్నెండు నెలలకి యాభై గంటలు. మాకు ఓటీ రెట్టింపు రేటు. అంటే ఏడాదికి నూరు గంటల జీతం. పన్నెండున్నర రోజులు. ఆ డైరీ జోకు కాదని నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు.

అప్పట్నుంచి పని గంటల చరిత్ర ఎక్కడ చదివినా నాకు పెద్ద అంకెల మీద చూపు ఆగడం లేదు. అరవై, నలభై ఎనిమిది, నలభై అంటూ మెట్లు దిగినట్టు రాస్తారు. ఆ అంకెల అంచుల దగ్గర ఏం జరిగిందన్నదే నాకు కావాలి. గేటు ఎప్పుడు తెరుచుకుంది, గడియారం ఎవరి చేతిలో ఉంది, రెండింటికి అంటే రెండేనా.

అసలు ఆ 'ఆరు నుంచి ఆరు' ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చూడండి. 1833 చట్టం పిల్లల గంటలు కట్టడి చేసింది. తొమ్మిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు వాళ్లకి వారానికి 48, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి 69. అవును, ఇప్పుడు పెద్దవాళ్లకి చట్టాల్లో ఉన్న 48 అప్పట్లో తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇచ్చిన రాయితీ. 1847లో పదిగంటల చట్టం వచ్చింది, ఆడవాళ్లకీ పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకీ. ఇక్కడే తెలివి చూపించారు. గంటలు పది అన్నారు గానీ, ఆ పదీ పొద్దున అయిదున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర మధ్య ఎప్పుడైనా పడొచ్చు. పదిహేను గంటల కిటికీ. యజమానులు మనుషుల్ని విడతలు విడతలుగా లోపలికి పిలిచి, బయటికి పంపి, మళ్లీ పిలిచేవాళ్లు. ఎవరు ఎన్ని గంటలు చేశారో చెప్పడం ఇన్‌స్పెక్టరుకి అసాధ్యం. కార్మికురాలికేమో చేసింది పది గంటలు, పోయింది పదిహేను గంటలు. ఈ పద్ధతి తప్పు కాదని 1850లో కోర్టు కూడా తేల్చింది. దాంతో అదే ఏడాది చట్టం మార్చి, గంటల లెక్కతో పాటు కిటికీనే కుదించారు. ఆరు నుంచి ఆరు, తిండికి గంటన్నర పోగా పదిన్నర. శనివారం రెండింటికి ఆఖరు. వారానికి 60.

పది గంటల కోసం పోరాడినవాళ్లు అరగంట ఎక్కువకి ఒప్పుకున్నారని అప్పట్లో తిట్టుకున్నారు. నా మట్టుకు నాకు అది మంచి బేరమే. టైం ఆఫీసులో కూర్చున్నవాడెవడైనా అదే అంటాడు. ఎన్ని గంటలు అన్నదాన్ని కాగితం మీద ఎలాగైనా తిప్పొచ్చు. ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు అన్నది రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపిస్తుంది. ఆరు దాటాక పొగగొట్టం నుంచి పొగ వస్తుంటే దొంగతనం జరుగుతున్నట్టే.

ఇంకో సంగతి. ఆ చట్టం మగవాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కానీ ఆడవాళ్లూ కుర్రాళ్లూ వెళ్లిపోయాక మిల్లు నడవదు గనక వాళ్లకీ అదే వర్తించింది.

మిల్లులకి ముందు సంగతి వేరు. చేతిపనివాళ్లకి ఇంత పని అని ఉండేది గానీ ఇన్ని గంటలు అని ఉండేది కాదు. ఇంగ్లండులో 'సెయింట్ మండే' అని ఒక అలవాటు. ఆదివారం తాగింది దిగక సోమవారం పనిలోకి రారు. ఆ సోమవారానికి 'సెయింట్' అని పుణ్యపురుషుడి బిరుదు తగిలించి పండగలా జరుపుకునేవాళ్లు. మంగళవారం మెల్లగా మొదలుపెట్టి, శుక్ర శనివారాల్లో రాత్రీ పగలూ కుమ్మి వారం సరుకు అప్పజెప్పేవాళ్లు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో లండన్ ప్రెస్సులో పనిచేసినప్పుడు, తను ఒక్క సోమవారం కూడా ఎగ్గొట్టకపోవడం వల్ల యజమానికి నచ్చానని గర్వంగా రాసుకున్నాడు. నాకు అలాంటివాళ్లు తెలుసు. కూత కూయకముందే గేటు దగ్గర నిలబడతారు, మిగతావాళ్లకి మంట.

యంత్రాలు వచ్చాక ఈ సోమవారం సెలవు యజమానులకి కంటగింపైంది. ఇంజను వేడెక్కించి పెట్టుకుంటే మనుషులు రారు. సోమవారం మానేయించడానికి శనివారం మధ్యాహ్నం ఇవ్వడం ఒక దారి అయింది. రెండున్నర వేల ఏళ్ల నాటి ఆచారంలా కనిపించే వారాంతం సగం అలా పుట్టిందే. సోమవారం పోయి శనివారం పూట వచ్చింది. ఎవరు లాభపడ్డారో మీరే లెక్కేసుకోండి. ఒక పూర్తి రోజుకి బదులు ఒక పూట.

ఎనిమిది గంటల మాట రాబర్ట్ ఓవెన్ అనే బ్రిటిష్ మిల్లు యజమానిది. తన మిల్లులోనే పదిన్నరకి తగ్గించి, 1817 నాటికి ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు కాలక్షేపం, ఎనిమిది గంటలు నిద్ర అన్నాడు. దాన్ని నిజం చేసింది మాత్రం ఇంకెక్కడో భూగోళానికి అవతల. 1840లో న్యూజిలాండ్లో శామ్యూల్ పార్నెల్ అనే వడ్రంగి, ఒక వ్యాపారి గోదాం కట్టమని అడిగితే, రోజుకి ఎనిమిది గంటలే చేస్తాను, ఇష్టమైతే పెట్టుకో అన్నాడు. అక్కడ అప్పుడు వడ్రంగులు పెద్దగా లేరు. వ్యాపారి తలొంచాడు. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో విశ్వవిద్యాలయం కడుతున్న రాతిపనివాళ్లు ఉలులు కింద పెట్టి, దారిలో మిగతా కట్టడాల మీద ఉన్నవాళ్లని కలుపుకుంటూ పార్లమెంటు భవనం దాకా నడిచారు. జీతం తగ్గకుండా ఎనిమిది గంటలు సాధించుకున్నారు. బంగారు గనులు బయటపడిన రోజులు, పనివాళ్లకి కరువు. రెండు చోట్లా గెలిపించింది అదే. కట్టుబడి పనివాళ్లు తప్ప అదే ఊళ్లో మిగతావాళ్లు ఇంకా చాలా ఏళ్లు ఎదురు చూడాల్సి వచ్చింది.

చికాగో 1886 సంగతి అందరికీ తెలిసిందే, మేడే రోజు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వదిలేస్తున్నాను.

ఎనిమిదిని ఆరు రోజులతో హెచ్చిస్తే 48. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో చేసిన మొట్టమొదటి ఒప్పందం ఇదే: రోజుకి 8, వారానికి 48. ఆ ఒప్పందంలో పదో అధికరణం చదివితే మన పేరు ఉంటుంది. అందరికీ 48, బ్రిటిష్ ఇండియాకి 60. జపాన్‌కి 57. అప్పటికి ఇండియాలో బట్టల మిల్లుల్లో మగవాళ్లకి రోజుకి పన్నెండు గంటలు చట్టమే ఒప్పుకుంది గనక, 60 కూడా దిగినట్టే లెక్క. 1922 చట్టంలో 60 వచ్చింది, 1934లో 54, 1946లో 48. ఆదివారం సెలవు మాత్రం అంతకు ముందే. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 1890 జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు మస్టర్లో వారానికొక 'వీ.ఆ.' రాశాను. వీక్లీ ఆఫ్. దాని వెనక ఒక మనిషి పేరుందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. షిఫ్టుల చార్టు.

వారానికి 168 గంటలు. కొలిమి ఆర్పడానికి వీల్లేని చోట, ఆ 168నీ మనుషులతో నింపాలి. రెండు జట్లు పెడితే మనిషికి 84. మూడు జట్లు పెడితే 56. నాలుగు పెడితే 42. పని గంటల చరిత్రంతా ఈ మూడు భాగహారాల్లో ఉంది. చట్టం 48 అన్నప్పుడు 168ని 48తో భాగిస్తే మూడున్నర. మనిషిని సగం చెయ్యలేం గనక, ఆ అర జట్టు ఎక్కణ్నుంచి తేవాలన్నదే నా నెలవారీ తలనొప్పి. మేము దాన్ని 'రిలీవర్ గ్యాంగు' అనేవాళ్లం. ఎవడికి వీక్లీ ఆఫ్ పడితే వాడి స్థానంలోకి వెళ్లేవాళ్లు. ఈ రోజు పొద్దుటి షిఫ్టు, ఎల్లుండి రాత్రి షిఫ్టు. వాళ్ల నిద్ర సంగతి అడక్కండి.

అమెరికా ఉక్కు మిల్లుల్లో ఈ శతాబ్దపు లెక్క కాదు, పోయిన శతాబ్దం మొదట్లో రెండు జట్లే. పగటి జట్టు పన్నెండు, రాత్రి జట్టు పన్నెండు, చాలామందికి వారానికి ఏడు రోజులు. రెండు వారాలకోసారి పగటివాళ్లు రాత్రికీ, రాత్రివాళ్లు పగటికీ మారాలి. ఎలా మారతారు? ఒక జట్టు ఏకధాటిగా 24 గంటలు నిలబడుతుంది, రెండోవాళ్లకి 24 గంటలు సెలవు. దాన్ని 'లాంగ్ టర్న్' అన్నారు. నేను ఈ భాగం చదివినప్పుడు కాగితం మీద చార్టు గీసి చూశాను, ఇంకో దారి ఉందేమోనని. రెండు జట్లతో నాకు దొరకలేదు. మనుషులు క్రూరులవడం వల్ల కాదు, ఆ భాగహారం అంతే. మూడో జట్టు పెట్టాలి, అంటే జీతం ఎవరో ఇవ్వాలి. 1919లో పెద్ద సమ్మె చేసి ఓడిపోయారు. ప్రభుత్వమూ జనమూ మొట్టికాయలు వేయగా 1923లో కంపెనీలు మూడు జట్లకి దిగాయి. పన్నెండు ఎనిమిదైంది. మధ్యలో పదీ లేదు, పదకొండూ లేదు. ఎందుకంటే 24ని సమంగా పంచాలి.

ఇదే లెక్కతో 1930 డిసెంబరులో అమెరికాలో కార్న్‌ఫ్లేక్స్ చేసే కెలాగ్ కంపెనీ ఇంకో అడుగు దిగింది. మూడు ఎనిమిదుల బదులు నాలుగు ఆరులు. ఆర్థిక మాంద్యం రోజులు గనక నాలుగో జట్టుకి బయట నిరుద్యోగులు కావలసినంత మంది. యుద్ధం వచ్చి ఎనిమిదికి వెళ్లారు, యుద్ధం అయ్యాక మళ్లీ ఆరే కావాలని ఎక్కువమంది ఓటేశారు. తర్వాత ఒక్కో విభాగం డబ్బు కోసం ఎనిమిదికి జారుకుంటూ పోయింది. చివరి విభాగాల్లో కూడా ఆరుగంటల షిఫ్టు 1985లో ముగిసింది. వాటిలో పట్టు పట్టి మిగిలింది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ రెండు గంటలు ఇంట్లో ఎంత బరువో తెలిసినవాళ్లు.

సెలవు ఎన్ని గంటలన్నదే కాదు, ఎవరితో కలిసి అన్నది కూడా లెక్కే. ఇది రష్యావాళ్లకి అనుభవం మీద తెలిసింది. 1929లో సోవియట్ ప్రభుత్వం వారానికి అయిదు రోజులే అంది. శని, ఆదివారాలు మాయం. ప్రతి మనిషికీ ఒక రంగు ఇచ్చారు, అయిదు రంగులు. నీ రంగు రోజున నీకు సెలవు, మిగతా నాలుగు రంగులవాళ్లూ పనిచేస్తారు. మిషను ఎప్పుడూ ఆగదు. గంటల లెక్కలో చూస్తే కార్మికుడికి లాభమే. ఆరు రోజులకొక సెలవు పోయి నాలుగు రోజులకొక సెలవు వచ్చింది. కానీ మొగుడు పసుపు, పెళ్లాం ఆకుపచ్చ అయితే ఇద్దరూ ఇంట్లో కలిసే రోజే లేదు. స్నేహితులు కలవరు, మీటింగుకి మనుషులు రారు. మిషన్లు కూడా ఏమీ బాగుపడలేదు, ఫలానా మిషను నాది అనే మనిషి లేకపోయేసరికి పాడైతే పట్టించుకున్నవాడు లేడు. 1931లో అందరికీ ఒకే సెలవుతో ఆరు రోజుల వారానికి మారారు, 1940లో మళ్లీ ఏడు రోజుల వారానికే వచ్చారు.

ఆ 1940 ఉత్తర్వు ఇంకొకటి కూడా చేసింది. పనికి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే డుమ్మా కిందే లెక్క. డుమ్మా కొడితే కోర్టు, ఆరు నెలల దాకా జీతంలో పావు వంతు వరకు కోత. నా పావుగంట ఎంత చిన్నదో అనిపించింది. వెంటనే, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

మా దగ్గర ఒకే షాపులో భార్యాభర్తలు ఉండేవాళ్లు. ఆయనకి మంగళవారం ఆఫ్, ఆవిడకి శుక్రవారం. చార్టు వేసేది నేనే. ఒకే రోజు ఇమ్మని రెండుసార్లు అడిగారు. కుదరదని రెండుసార్లు చెప్పాను. నిజానికి కుదిరేది. చార్టు మొత్తం మళ్లీ గీయాలి, అంతే.

నలభై గంటల సంగతి చాలామందికి ఫోర్డ్ పేరుతోనే తెలుసు. 1926లో ఫోర్డ్ శనివారం ఫ్యాక్టరీ మూసిన మాట నిజమే, తీరిక ఉన్నవాళ్లే సరుకు కొంటారని బాహాటంగా చెప్పిన మాటా నిజమే. కానీ 1908లోనే అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో ఒక బట్టల మిల్లు, యూదు కార్మికులకి శనివారం పవిత్ర దినం గనక రెండు రోజులూ మూసింది. 1933లో అమెరికా సెనేట్ ఏకంగా 30 గంటల వారానికి ఓటేసింది, 53కి 30 తేడాతో. అది అక్కడే ఆగిపోయింది. 1938 చట్టం మెట్లు మెట్లుగా దిగింది: మొదటి ఏడాది 44, తర్వాత 42, 1940 అక్టోబరు నుంచి 40.

ఈ 40 గురించి ఒక మాట. పని గంటల చట్టాల్లో అంకెలు రెండు రకాలు. ఒకటి గోడ, రెండోది టోల్ గేటు. అమెరికా 40 టోల్ గేటు. ఒకటిన్నర రేటు కట్టు, పెద్దవాళ్లయితే ఎంతసేపైనా చేయించుకో. ఫ్రాన్స్ 35 కూడా అంతే. 1936లో 40, 1982లో 39, 2000 నుంచి 35 అని చెప్పుకుంటారు గానీ, 35 దాటితే ఓటీ మొదలవుతుందని మాత్రమే దాని అర్థం, దాటకూడదని కాదు. యూరప్ 1993 నిబంధనలో 48 గోడ, ఓటీతో సహా. దానికీ సందులున్నాయి, బ్రిటన్‌లో మనిషి సంతకం పెట్టి గోడ దూకొచ్చు. ఎవరైనా ఒక దేశంలో ఇన్ని గంటలే అని చెబితే ముందు అది గోడా, గేటా అని అడగండి. చెప్పేవాడికి తెలియకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

నాలుగు రోజుల వారం గురించీ ఇదే చిరాకు నాకు. పేపర్లో అన్నిటినీ ఒకే గాటన కట్టి రాస్తారు. 2015 నుంచి 2019 దాకా ఐస్‌లాండ్‌లో రెండున్నర వేల మందికి పైగా జీతం తగ్గకుండా 40 గంటల నుంచి 35, 36కి దిగారు. అది నిజంగా తగ్గడం. దానిలో చాలామందికి రోజులు అయిదే. 2022లో బెల్జియం ఇచ్చిన హక్కు వేరు, అయిదు రోజుల గంటల్ని నాలుగు రోజుల్లో కుక్కుకోవచ్చు అని. నాలుగు పదులు నలభై, అయిదు ఎనిమిదులు నలభై. టైం ఆఫీసు కళ్లకి రెండూ ఒకటే కార్డు.

ఇవన్నీ మా అమ్మాయికి చెబుతుంటాను. వినదు. ఇంటి నుంచే పని, గది తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటుంది. కాగితం మీద ఆమె వారం నలభై గంటలే. పొద్దున పది, సాయంత్రం ఏడు, మధ్యలో గంట. శని, ఆది సెలవు. రాత్రి తొమ్మిది దాటాక ఫోను కుయ్‌మంటుంది. "ఒక్క నిమిషం నాన్నా" అంటుంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి యాభై మంది దాటిన కంపెనీలు పని వేళ తర్వాత ఫోను జోలికి వెళ్లకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడుకుని తీరాలని చట్టం ఉందని చెప్పాను. "మా క్లయింటు ఫ్రాన్స్ కాదు నాన్నా" అంది.

పోయిన నెల ఒక పని చేశాను. ఆమెకి చెప్పకుండా. హార్నర్ పద్ధతిలోనే ఒక వారం రాశాను. గడియారం ఎదురుగా నా కుర్చీ, చేతిలో పాత అలవాటు. సోమవారం నుంచి ఆదివారం దాకా, ఏడు తర్వాతా సెలవు రోజుల్లోనూ ఫోనూ లాప్‌టాపూ పట్టుకున్న సమయం. సోమవారం 15, మంగళవారం 0, బుధవారం 45, గురువారం 15, శుక్రవారం 30, శనివారం 30, ఆదివారం 15. మొత్తం 150 నిమిషాలు, రెండున్నర గంటలు. 50 వారాలకి 125 గంటలు. రోజుకి ఎనిమిది చొప్పున పదిహేనున్నర రోజులకి పైనే.

ఆదివారం రాత్రి కాగితం ఆమె ముందు పెట్టాను. నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. కాసేపు చూసింది. వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వచ్చి మంగళవారం దగ్గర ఆగింది.

"మంగళవారం సున్నా ఏంటి నాన్నా? తొమ్మిదింటికి కాల్ వచ్చింది కదా. నువ్వు ఎదురుగానే ఉన్నావు. పది పన్నెండు నిమిషాలు మాట్లాడాను."

నిజమే, మాట్లాడింది. నేను గడియారం కూడా చూశాను. 9:04 నుంచి 9:16.